ఉత్తరం వదలని బాణం

1953 జూన్‌లో, రాజోలు తాలూకాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి వాతావరణ పరిశీలన కేంద్రానికి నన్ను అబ్జర్వర్‌గా వేస్తూ మద్రాసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఊరి పేరు రాయను. రాస్తే ఆ కొబ్బరితోట వారసులు ఈ వయసులో నా మీదికి తగవుకు వస్తారు. నేనూ ఊరుకునే మనిషిని కాను కాబట్టి ఇద్దరికీ పొద్దు వృథా.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణం మా వీధి ఆడపిల్లలు. నేను వాతావరణ శాఖలో పనిచేసి రిటైరయ్యానని తెలిసినప్పటి నుంచి, "ఆంటీ, టీవీలో వాతావరణం చెప్పాలంటే ఏం చదవాలి? ఉద్యోగాలు ఉంటాయా? పైకి వెళ్లే దారి ఉందా?" అని అడుగుతున్నారు. ప్రశ్నలో తప్పులేదు. అయితే తెర మీద కనిపించే మనిషి చదివే కాగితాన్ని ఇంకెవరో రాస్తారనీ, ఆ రాసేవాళ్లకు అంకెలు పంపేవాళ్లు ఎక్కడో వానలో తడుస్తూ ఉంటారనీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఏ డిగ్రీ కావాలో చెప్పడం తేలిక. ఆ డిగ్రీతో ఏం చేయాలో చెప్పాలంటే ఆ ఊరి సంగతి చెప్పాలి.

మా శాఖలో అప్పుడు కింది మెట్టు అబ్జర్వర్‌ది. పరికరాలు చూడడం, చూసింది అంకెల కోడ్‌లో పెట్టి తంతి ఆఫీసులో ఇవ్వడం, అంతే పని. అభిప్రాయం ఉండకూడదు. ఉంటే ఇంట్లో పెట్టి రావాలి. ఊళ్లో ఎవరైనా "రేపు వాన పడుద్దాండీ" అని అడిగితే నోరు విప్పకూడదని నియమం. చెప్పే అధికారం ఫోర్‌కాస్టర్‌ది. ఆయన మద్రాసులో కూర్చుని, నాలాంటివాళ్లు తీరం పొడవునా పంపిన అంకెల్ని పటం మీద ఎక్కించి తుపాను ఎటు పోతుందో నిర్ణయిస్తాడు. ఆయన మాటే కలెక్టర్లకు, ఓడరేవులకు, రేడియోకు వెళ్తుంది.

అబ్జర్వర్ నుంచి ఆ కుర్చీ దాకా పోవాలంటే ఫిజిక్సో లెక్కలో చదివిన బి.ఎస్సీ. ఉండాలి, కొంత సర్వీసు ఉండాలి, ఆపైన తనిఖీ అధికారి సిఫార్సు ఉండాలి. సిఫార్సు ఉంటే పూనాలో శిక్షణకు పిలుస్తారు. బి.ఎస్సీ. నేను కాకినాడలో చేశాను. మా నాన్నగారు అమలాపురంలో మిషన్ స్కూలు హెడ్మాస్టరు. "ఆడపిల్లకు ఫిజిక్స్ ఎందుకండీ మాస్టారూ" అని అడిగినవాళ్లకు ఆయన నవ్వి ఊరుకునేవారు. సమాధానం నేను చెప్పేదాన్ని. ఆ తర్వాత వాళ్లు మా ఇంటికి రావడం తగ్గించారు. సర్వీసు సంగతికొస్తే, నేను చెప్పబోయే నాటికి రెండేళ్లు దాటింది. మిగిలింది సిఫార్సు.

మా కేంద్రం ఒక కొబ్బరితోట మూల, అద్దె స్థలంలో ఉండేది. ఒక డాబా గది, అందులో గోడకు గాలి ఒత్తిడి చూపే బారోమీటరు. బయట తెల్లరంగు వేసిన చెక్కపెట్టె, దానికి కిటికీ రెక్కల్లాంటి పలకలు, లోపల థర్మామీటర్లు. వాన కొలవడానికి ఒక వానమాని. డాబా మీద గొట్టానికి విండ్ వేన్, అంటే గాలి ఎటునుంచి వస్తే అటు తిరిగి నిలిచే ఇనప బాణం. స్థలం వెంకాయమ్మగారిది. పెద్ద భూస్థితి, పెద్ద నోరు. ఆవిడకు నేను సరిజోడని ఊరివాళ్లు అనుకునేవారు. మామ్మగారూ అని పిలిచేదాన్ని. మా తెల్లపెట్టె కాళ్లకు ఆవిడ ప్రతి శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. వద్దండీ, లెక్కలు చెడతాయి అంటే, "నీ పెట్టెలోకి నేనేం దూరట్లేదు కదమ్మాయ్. కాళ్లు నా నేల మీదున్నాయి" అన్నారు. థర్మామీటర్లకు పసుపుతో నష్టం లేదని నేనే తర్వాత తేల్చుకుని ఆ వాదం వదిలేశాను. నేను వదిలేసిన వాదాలు తక్కువ.

మూడో ఏడు కార్తీకంలో తనిఖీకి విశ్వేశ్వరంగారు వచ్చారు. సన్నటి మనిషి, ఇస్త్రీ నలగని కోటు. తనిఖీ అధికారి తనతో ఒక సరిచూసే బారోమీటరు తెస్తాడు. దాని పక్కన మాది పెట్టి తేడా చూస్తాడు. ఆ తోలుపెట్టెను ఆయన కూలీకి ఇవ్వలేదు, బస్సులో ఒళ్లోంచి దించలేదు, గోదావరి దాటేటప్పుడు పడవ బల్ల మీద కూడా పెట్టలేదట. అటువంటి మనిషి. నాకు నచ్చారు, ఆ మాట అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు.

బారోమీటరు సరిపోయింది. రిజిస్టర్లు సరిపోయాయి. పెట్టె కాళ్ల పసుపు చూసి, "ఇదేమిటి?" అన్నారు. స్థలం యజమానురాలి భక్తి అన్నాను. రాసుకోలేదు. తర్వాత కూర్చోబెట్టి, శిక్షణ సంగతి ఎత్తి, ఫోర్‌కాస్టర్లకు రాత్రి డ్యూటీలు ఉంటాయి, ఆడవాళ్లు చేయగలరా అని అడిగారు.

"మా ఊరి మంత్రసాని చేసేవన్నీ రాత్రి డ్యూటీలేనండి. ఆవిణ్ణి ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ రిపోర్టు బాగానే ఉంటుంది మిస్ సుగుణా. సిఫార్సు రాస్తాను. వేన్ ఒక్కటి చూసేస్తే పని అయిపోతుంది."

సాయంత్రం డాబా ఎక్కాం. బాణం తిరిగినప్పుడల్లా కిర్రుమంటోంది. దానికి వేసే నూనె వేరు, గడియారాలకు వేసేలాంటి పలచటిది, మద్రాసు నుంచి డబ్బాలో రావాలి. నా డబ్బా అయిపోయింది. ఇంకొకటి కావాలని రాసి చాలాకాలమైంది, అది రాలేదు. ఆ సంగతి చెప్పాను. "డబ్బా వచ్చేదాకా ఏదో ఒక నూనె వేయాలి కదా. తెప్పించండి" అన్నారు ఆయన. నేను డాబా మీంచే కేకేసి, మామ్మగారూ, కాస్త నూనె ఇప్పించండి అని అడిగాను. గిన్నెతో నూనె వచ్చింది. ఏ నూనె అని ఆయన అడగలేదు. నేనూ అనుకోలేదు. తలకి, దీపానికి, తలుపు బందుకి, బావి కప్పీకి మా వైపు వాడేది ఒకటే కాబట్టి నూనెకు ఇంకో రకం ఉంటుందన్న ఊహే మాకు రాదు. ఆయన స్వయంగా కోటు విప్పి, బాణం తిరిగే చోట నూనె పోసి, చేత్తో గిరగిరా తిప్పారు. చప్పుడు లేదు.

"చూశారా, ఎంత మెత్తగా తిరుగుతోందో" అన్నారు. నూనె మిగిలిన గిన్నె తెచ్చి ఆఫీసు కిటికీలో పెట్టాను.

బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని అప్పటికే తెలుసు. వెంకాయమ్మగారింట్లో బ్యాటరీ రేడియో ఉండేది. ఆ పూట అది తుపానుగా మారిందనీ, కాకినాడ వైపు పోయేలా ఉందనీ చెప్పింది. రాత్రంతా ఉత్తరపు గాలి, వాన. ఆ గాలి తెచ్చిన చలికి దుప్పటి చాలలేదు.

పొద్దున్న పరిశీలనకు బారోమీటరు బాగా దిగి ఉంది. థర్మామీటరు ఆ నెలలో నేను చూసినవాటిలోకెల్లా తక్కువ చూపింది. బాణం ఉత్తరం చూస్తోంది. అదే కోడ్‌లో పెట్టి తంతి ఆఫీసులో ఇచ్చాను. కాసేపటికి మద్రాసు నుంచి వైరు: గంట గంటకూ ప్రత్యేక పరిశీలన పంపాలి. అలా అడిగారంటే అక్కడ పటం ముందు కూర్చున్నవాళ్లకు తుపాను దారి ఇంకా తేలలేదని అర్థం.

ఇక్కడ ఒక చిన్న సంగతి తెలిస్తే మిగతాదంతా తెలుస్తుంది. మన ప్రాంతంలో తుపాను గాలికి వీపు పెట్టి నిలబడి ఎడమచెయ్యి చాపితే, తుపాను నడిబొడ్డు ఇంచుమించు ఆ చేతి వైపు ఉంటుంది. గాలి ఉత్తరం నుంచి వస్తోందనుకోండి, వీపు ఉత్తరానికి పెడితే ఎడమచెయ్యి తూర్పు చూపిస్తుంది. అంటే తుపాను కాకినాడ వైపు నుంచి పోతుంది. మన ఒడ్డున గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, నీళ్లు పైకి రావు. అదే గాలి తూర్పు ఈశాన్యం నుంచి వస్తే ఎడమచెయ్యి మన సముద్రాన్నే చూపిస్తుంది. అప్పుడు తుపాను మనకు దక్షిణంగా పోతుంది, గాలి సముద్రాన్ని మన మీదికి తోస్తుంది. ఒక బాణం ఎటు చూస్తోందన్న దాంట్లో ఇంత ఉంది.

రెండో పరిశీలన రాయడానికి కూర్చుంటే రిజిస్టరు మీద జల్లు పడింది. తూర్పు కిటికీ మూశాను. మూశాక అనుమానం వచ్చింది. ఉత్తరపు గాలికి తూర్పు కిటికీలోంచి జల్లు ఎందుకు కొట్టాలి? బయటికి వచ్చి చూశాను. కొబ్బరిమట్టలు ఒక్కొక్కటి ఒక్కో వైపు కొట్టుకుంటున్నాయి. ఆ తోటలో గాలి చెట్ల మధ్య తిరుగుళ్లు తిరుగుతుంది, మట్టల్ని నమ్మి ఏదీ చెప్పలేం. డాబా మీది బాణం ఉత్తరమే చూస్తోంది. కాస్త కూడా అటూ ఇటూ ఊగడం లేదు. ఊగకపోవడం నాకు నచ్చలేదు. గాలి అంత ఊగిసలాడుతుంటే బాణం అంత నిబ్బరంగా ఉండకూడదు.

అప్పుడు వెంకాయమ్మగారు తలమీద గోనెసంచి కప్పుకుని వచ్చారు.

"మా గిన్నె ఇచ్చేయమ్మాయ్. అన్నట్టు మా రేడియో కాకినాడ అంటోందిగా. ఒడ్డు తోటలో మా కూలోళ్లు పిల్లా జెల్లాతో గుడిసెల్లో ఉన్నారు. కబురు పంపమంటావా, అక్కర్లేదంటావా?"

"అది నేను చెప్పకూడదండీ మామ్మగారూ. తెలుసు కదా మీకు."

"తెలుసు. జీతం పుచ్చుకుని నోరు మూసుకునే ఉద్యోగం నీ ఒక్కదాందే." గిన్నె తీసుకుని, మిగిలిన నూనె పారబోయడానికి వంచారు. పడలేదు. పూర్తిగా బోర్లించారు. గిన్నె అడుగున తెల్లగా గడ్డకట్టి కూర్చుంది. "చూడు చలికి. వెన్నలాగా పేరుకుపోయింది."

నేను గిన్నెకేసి చూశాను. తర్వాత డాబాకేసి చూశాను.

విశ్వేశ్వరంగారు లోపల రిపోర్టు రాసుకుంటున్నారు. వేన్ పనిచేయడం లేదండీ అన్నాను. ఆయన తల ఎత్తలేదు.

"నిన్న సాయంత్రం నేనే చూశాను కదా."

"ఆయ్, అందుకేనండీ."

అప్పుడు తలెత్తారు. తోటలో గాలి మలుపులు తిరుగుతుంది, కంటితో చూసింది అంచనా, బాణం చూపింది రీడింగ్, పరికరం బాగున్నంతవరకు అంచనా పంపడానికి వీల్లేదు అన్నారు. నిజమే. ఆ పేరా సంఖ్యతో సహా నాకు తెలుసు. అందులోనే తర్వాతి వాక్యం, పరికరం చెడితే కంటి అంచనా పంపి, అది అంచనా అని తెలియజేయాలని. ఆ వాక్యం ఆయనకు అప్పజెప్పాను.

ఆయన కలం కింద పెట్టారు. కోపం రాలేదు, దానికే నాకు భయం వేసింది. "రెండు సంగతులు ఆలోచించండి. ఒకటి, మీ అంచనా తప్పయి, మద్రాసు దాన్ని నమ్మితే, కాకినాడలో జాగ్రత్త సడలుతుంది. అక్కడా మనుషులున్నారు. రెండు, పరికరం చెడిందని ఇన్‌చార్జి సంతకం పెట్టాలి. ఇన్‌చార్జి మీరు. మాన్యువల్ ప్రకారం నూనె బాధ్యత కూడా మీదే. అది నేను రిపోర్టులో రాయక తప్పదు. అది రాసిన చేత్తో సిఫార్సు రాయలేను."

బెదిరింపు కాదు. నియమం ఎటు పోతుందో చెప్పారు, అంతే. నిజానికి రెండోదానికన్నా మొదటిదే నన్ను పట్టుకుంది. నా సిఫార్సు పోతే నేనొక్కదాన్నే ఏడుస్తాను. నా అంచనా తప్పయితే కాకినాడలో నన్ను ఎరగని మనుషులు పోతారు. ఆ మాట అని ఆయన నాకు ఫోర్‌కాస్టర్ ఉద్యోగం అంటే ఏమిటో పూనాకు వెళ్లకుండానే చెప్పేశారు. కాలేజీలో ఏ పుస్తకంలోనూ అది లేదు.

"అయితే అంచనా వద్దండి. డాబా మీదికి వచ్చి పరికరాన్నే చూడండి" అన్నాను.

గొడుగు తీసుకుని వచ్చారు. మెట్లు దాటి పైకి రాగానే గొడుగు ఆయన చేతిలోంచి లేచి, ముందు తిరగబడి, తర్వాత ఎగిరి పోయింది. ఆయన దాన్ని చూస్తూ నిలబడ్డారు. పడమటి వైపు పోయి వెంకాయమ్మగారి పశువులశాల మీద పడింది. బాణం ఉత్తరమే చూస్తోంది.

నేను చెయ్యి చాపి బాణాన్ని పట్టుకుని దక్షిణానికి తిప్పాను. బంకలో తిప్పినట్టు తిరిగింది. వదిలేశాను. దక్షిణం చూస్తూ ఉండిపోయింది. ఒక పెద్ద విసురు వచ్చింది, నేను గోడ పట్టుకోవలసి వచ్చింది. బాణం కాస్త వణికింది గానీ కదల్లేదు.

ఆయన ముందుకొచ్చి దాన్ని పడమటికి తిప్పి వదిలారు. పడమర చూస్తూ నిలబడింది. గొట్టం చుట్టూ తెల్లగా పేరుకున్నదాన్ని వేలితో తీసి వాసన చూశారు.

"ఇదేం నూనె?"

"మా ఊళ్లో నూనె అంటే ఇదేనండి."

మద్రాసు మనిషి. అక్కడ అది గడ్డకట్టేటంత చలి ఆయన ఎన్నడూ చూసి ఉండరు. మాకు తెలుసు గానీ, పొద్దున్నే సీసా పొయ్యి పక్కన పెట్టి కరిగించుకుని తలకు రాసుకునే మనుషులం మేము. పెద్ద గాలి వస్తే ఆ బంకను తెంచుకుని బాణం తిరుగుతుంది. కానీ పెద్ద గాలి వచ్చాక దిక్కు చెప్పి ఎవరికేం లాభం.

డాబా మీద, చెట్లకు దూరంగా ఉన్న మూలన నిలబడి గాలికి ముఖం పెట్టి దిక్కు తీశాను. విసుర్లు పోయేదాకా ఆగి మళ్లీ తీశాను. పైన మబ్బులు పరుగెత్తే దారీ చూశాను. తూర్పు ఈశాన్యం. ఆయన పక్కన నిలబడి తన చేతి దిక్సూచితో చూసుకున్నారు.

తంతి ఆఫీసు రోడ్డు దాటితే ఉంది. కోడ్ అంకెలకు కొసన మామూలు మాటలు చేర్చాలంటే, అధికారి ఊళ్లో ఉన్నప్పుడు ఆయన సంతకం కావాలి. అందుకని ఆయన కూడా తడుస్తూ వచ్చారు. పోస్టుమాస్టరు సూర్యనారాయణగారు తంతి కొట్టే మీట ముందు కూర్చుని ఉన్నారు.

"ఉంటే ఉంటోందండీ, పోతే పోతోంది లైను. ఇచ్చేదేదో వేగిరం ఇవ్వండి సుగుణమ్మగారూ" అన్నారు.

రాశాను. అంకెలు, ఆ తర్వాత మాటలు: వేన్ చెడింది, గాలి కంటి అంచనా, పొద్దుటి సందేశంలోని గాలి దిక్కును లెక్కలోకి తీసుకోవద్దు. కింద ఇన్‌చార్జిగా సంతకం పెట్టి కాగితం విశ్వేశ్వరంగారి ముందుకు తోశాను. నా సిఫార్సు ఎటు పోయిందో అప్పటికే నాకు తెలుసు.

ఆయన చదివారు. "కారణం రాయలేదే."

"తుపానుకి కారణంతో పనిలేదండి. మీకు ఉంటే రిపోర్టులో రాసుకోండి."

సూర్యనారాయణగారు ఎక్కడో చూస్తున్నట్టు నటించారు. విశ్వేశ్వరంగారు సంతకం పెట్టారు. మీట టకటకలాడింది. సగంలో ఆగిపోయింది. సూర్యనారాయణగారు చెయ్యి ఎత్తి మమ్మల్ని మాట్లాడవద్దన్నారు, ఎవరూ మాట్లాడకపోయినా. లైను మళ్లీ వచ్చింది. మొదటి నుంచీ కొట్టారు. ఆ చప్పుడులో ఏ అక్షరం ఏదో నాకు తెలియదు. ఆయన భుజాన్నే చూస్తూ నిలబడ్డాను. అవతలి నుంచి అందినట్టు జవాబు వచ్చింది. ఆయన కుర్చీకి జారబడి, "ఆయ్, పుచ్చుకున్నారండి" అన్నారు. ఆ తర్వాతి గంట సందేశం తీసుకెళ్లేసరికి లైను లేదు. మూడురోజుల దాకా రాలేదు.

తిరిగొస్తుంటే తోట గేటు దగ్గర వెంకాయమ్మగారు కాచుకుని ఉన్నారు.

"ఇప్పుడైనా చెబుతావా, లేదా? రేడియో ఇంకా కాకినాడే అంటోంది."

పక్కన తనిఖీ అధికారి. ఏం జరుగుతుందో చెప్పకూడదు. గాలి ఎటునుంచి వస్తోందో చెప్పకూడదని మాత్రం ఎక్కడా లేదు. అది గోడ మీద రోజూ రాసి పెట్టేదే.

"గాలి తూర్పు ఈశాన్యం నుంచండీ. ఇలా రండి మామ్మగారూ. గాలికి వీపు పెట్టి నిలబడండి."

"ఏవిటీ విద్య?" అంటూనే నిలబడ్డారు.

"ఎడమచెయ్యి చాపండి."

చాపారు. చెయ్యి సరాసరి సముద్రంకేసి చూపింది. చేతిని ఆవిడ చూసుకున్నారు, తర్వాత నన్ను చూశారు.

"ఉందా అక్కడ?"

నేను నోరు విప్పలేదు. విశ్వేశ్వరంగారు కొబ్బరిగెలల్ని లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నారు.

"సరేలే. నీ నోరు నువ్వు మూసుకో. నా కాళ్లూ చేతులూ నాకున్నాయి" అని ఆవిడ లోపలికి పోయి ఇద్దరు మనుషుల్ని సైకిళ్ల మీద ఒడ్డు తోటకు తరిమారు. గుడిసెల్లో ఉన్నవాళ్లను కదలనివ్వని మేస్త్రీ ఒకడు ఉంటే, రాకపోతే వచ్చే పండక్కి బట్టలుండవని చెప్పించారట. మధ్యాహ్నం తాలూకా ఆఫీసు జీపు కూడా ఒడ్డు పేటలకు వెళ్లింది. అప్పటికి వాళ్లకు కబురు ఎలా అందిందో నాకు తెలియదు.

పొద్దుగూకేలోపు గాలి తూర్పుకు, ఆపైన ఆగ్నేయానికి తిరిగింది. తుపాను మాకు దక్షిణంగా పోతోందనడానికి అది రుజువు. అప్పటికి బాణం కూడా బంక తెంచుకుని సరిగ్గానే చూపింది. నేను గంట గంటకూ రాస్తూనే ఉన్నాను, పంపే దారి లేకపోయినా. విశ్వేశ్వరంగారు లాంతరు పట్టుకున్నారు. ఒడ్డు తోటలోకి సముద్రం వచ్చింది. గుడిసెలు లేవు. మనుషులు ఊళ్లో మిషన్ బడిలోనూ, వెంకాయమ్మగారి ధాన్యం సావిట్లోనూ ఉన్నారు. నా వైరు వల్లే హెచ్చరిక మారిందని నేను అనను. మచిలీపట్నం వైపు కేంద్రాల అంకెలు కూడా వెళ్లే ఉంటాయి. నేను చెప్పగలిగింది ఒకటే. నా అంకె తప్పుదారి పట్టించలేదు.

మర్నాడు విశ్వేశ్వరంగారు పరికరాల లోపాలు రాసే రిజిస్టరు తీసి, నేను ఖాళీగా వదిలిన కారణం గడిలో తన చేత్తో రాసి, పైకి చదివారు. తనిఖీ అధికారి తన నిర్ణయంతో వేన్‌కు కొబ్బరినూనె వేయడం వల్ల, చలికి అది గడ్డకట్టి, పరికరం తిరగలేదు. కింద పేరు, హోదా.

గొడుగు తెచ్చివ్వడానికి వచ్చిన వెంకాయమ్మగారు అది విని ఊరుకోలేదు. "మా నూనెలో లోపం ఉందని రాస్తారేవిటండీ? గానుగలో ఆడించినది. ఇంకోళ్లింట్లో అలాటి నూనె ఉంటే చూపించండి."

ఆయన ఆలోచించి, 'నూనె మేలైనదే' అని ఒక మాట చేర్చారు. ఆవిడ శాంతించారు. ఆ రిజిస్టరు ఇప్పటికీ ఎక్కడైనా ఉంటే ఆ మాట కూడా ఉంటుంది.

ఆవిడ వెళ్లాక నేను సిఫార్సు సంగతి అడిగాను. తప్పు నాది కాదని తేలింది కదా, ఇక అడ్డేమిటి అన్నాను.

"ఇప్పుడు అసలే రాయలేను" అన్నారు. "నా పొరపాటును పట్టుకున్న మనిషిని నేనే సిఫార్సు చేస్తే, నోరు మూయించడానికి చేశానంటారు. లేదా మీరే అడిగి రాయించుకున్నారంటారు. మిమ్మల్ని ఇంకో అధికారి చూడాలని రాస్తాను. ఏడాది పడుతుంది."

వాదించాను. పడవ రేవు దాకా వాదించాను. ఆయన పడవెక్కాక ఒడ్డు మీంచి కూడా ఒక మాట అన్నాను. ఆయన బారోమీటరు పెట్టెను ఒళ్లో పెట్టుకుని, "మీరన్నది నిజమే, కానీ నేను రాయను" అన్నారు. ఆ ఏడాది సీనియారిటీ నాకు ఉద్యోగం చివరిదాకా తక్కువైంది. నా వెనక వచ్చిన ఇద్దరు నాకన్నా పై కుర్చీలో కూర్చున్నారు. ఆయన మీద నా కోపం పోలేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదని ఎవరైనా అంటే, వాళ్లు ఏ ఆఫీసులోనూ పనిచేయలేదన్నమాట.

మరుసటి ఏడు ఇంకో అధికారి వచ్చారు. రాత్రి డ్యూటీ ప్రశ్న ఆయనా అడిగారు, మంత్రసాని జవాబు ఆయనకీ ఇచ్చాను. పూనా వెళ్లాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లు పటాల ముందు కూర్చుని, రేడియోలోనూ చివర్లో టీవీలోనూ ఇంకొకరు చదివే కాగితాలు రాశాను. శిక్షణ నుంచి వచ్చేనాటికి అన్ని కేంద్రాలకూ ఒక సర్క్యులర్ వెళ్లి ఉంది: సరఫరా చేసిన నూనె తప్ప, ముఖ్యంగా కొబ్బరినూనె, పరికరాలకు వాడరాదు. నా ఉద్యోగంలో మొదటిసారి అచ్చయిన ఫలితం అది. అందులో నా పేరు లేదు.

కాబట్టి, మా వీధి పిల్లలూ. ఫిజిక్సో లెక్కలో చదవండి. ఉచ్చారణ బాగు చేసుకోండి, అదీ అవసరమే. టీవీలో ఉద్యోగాలు కొన్నే, వాటి వెనక కాగితం రాసే ఉద్యోగాలు అంతకన్నా ఎక్కువ. అక్కడికి పోవడానికి ఈనాటి నిబంధనలు ఏమిటో శాఖకు రాసి తెలుసుకోండి, నావి పాతబడ్డాయి. కానీ ఏ పరికరమైనా మీకు ఒక దిక్కు చూపించినప్పుడు, దాన్ని చేత్తో పట్టుకుని, ఉండకూడని వైపు తిప్పి వదలండి. తిరిగొస్తే నమ్మండి. రాకపోతే, నూనె ఎవరు పోశారో తర్వాత తేల్చుకోవచ్చు. ముందు వైరు ఇవ్వండి.